ఫ్యాక్టరీ ఇల్లు... పుట్టుమచ్చలు చూశారా?

ప్రెషర్ కుక్కర్ కొంటే ఐఎస్ఐ ముద్ర చూస్తాం. హెల్మెట్ కొంటే వెనక్కి తిప్పి చూస్తాం. సిమెంటు బస్తా దిగితే మేస్త్రి కన్నా ముందు మనమే ముద్ర కోసం వెతుకుతాం. మరి ఫ్యాక్టరీలో తయారైన ఇంటిని ఏకంగా లారీ మీద తెప్పించుకుంటుంటే... ఏ ముద్ర చూడాలి? ఎక్కడ చూడాలి?

శ్రీకూర్మం వెళ్లినవాళ్లు కూర్మనాథుడికి దండం పెట్టుకుని, రెండు ధ్వజస్తంభాలనూ పిల్లలకు చూపించి, నక్షత్ర తాబేళ్ల దగ్గర కాసేపు నిలబడి వచ్చేస్తారు. మండపంలో స్తంభాల మీది అక్షరాల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఆగితే బోలెడు విషయాలు తెలుస్తాయి. ఎవరు ఏమిచ్చారు, ఏ శక సంవత్సరంలో ఇచ్చారు, దేనికోసం ఇచ్చారు... అన్నీ రాతిలో చెక్కి ఉన్నాయి. నరహరి తీర్థులు కూర్మేశ్వరుడికి ఎదురుగా యోగానంద నరసింహుడి ఆలయం కట్టించారని చెప్పే శాసనం క్రీ.శ.1281 నాటిది. కట్టించిందెవరో, కట్టిందేమిటో, ఎప్పుడో, ఏడు వందల ఏళ్లు దాటాక కూడా చదువుకోవచ్చు.

ఆ గుడికి కాస్త దూరంలోనే ఓ రిటైర్డు మాస్టారి దొడ్డి ఉంది. దొడ్డి ముందు పాత పెంకుటిల్లు. గోడ ఓ పక్క ఒరిగింది. వర్షమొస్తే రెండు గదుల్లో గిన్నెలు పెట్టాల్సిందే. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు. మేస్త్రి వెనక, సెంట్రింగ్ వాళ్ల వెనక తిరిగే ఓపిక మాస్టారికి లేదు. అందుకే పెద్దకొడుకు ఫోన్‌లో ఓ కొటేషన్ పంపాడు. ఇనుప చట్రం, పఫ్ ప్యానెల్ గోడలు, రంగు రేకుల కప్పు. నలభై రోజుల్లో తాళం చేతికి, రేకులకు ఇరవై ఏళ్ల గ్యారంటీ!

మాస్టారు ఆ కొటేషన్‌ని ప్రింటు తీయించి, నా ముందు పెట్టి అడిగిన మాట ఇది.

‘‘అంతా బాగానే ఉంది గానీ బాబూ... ఇది ఎవడు సేసేడో, ఎంత గాలికి తట్టుకుంటాదో ఇంటి మీద ఎక్కడైనా రాసుంటాదా?’’

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న వెంట తిరగడమే. తోడుగా సివిల్ ఇంజినీరైన ఓ మిత్రుణ్ని తీసుకెళ్లాను.

అక్కడైతే ఓ ఎర్రబిళ్ల

పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నలు చెప్పే వింతల్లో ఇదొకటి... సగం ఇల్లు లారీ మీద పోతుంటుంది! ముందొక బండి, వెనకొక బండి కాపలాగా, ‘దారివ్వండి’ అన్నట్టు బోర్డు కట్టుకుని. ఆ మిగతా సగం ఇంకో లారీ మీద వస్తుంది. రెంటినీ స్థలంలోకి తెచ్చి కలుపుతారు. వాటిని అక్కడ ‘మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్’ అంటారు.

అలాంటి ఇంటిని గుర్తుపట్టడానికి అక్కడ ఇంజినీరే కానక్కర్లేదు. ఇంటి బయటి గోడకు, వెనక చివర, నేలకు ఓ అడుగు ఎత్తులో ఎర్రటి లోహపు బిళ్ల రివెట్లతో బిగించి ఉంటుంది. రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు. దానిమీద ఒక నంబరు. ఈ ఇంటిని ఫెడరల్ ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం కట్టామని తయారీదారు ఇస్తున్న హామీ అది. 1974లో చట్టం చేశారు, 1976 జూన్ 15 నుంచి అమల్లో పెట్టారు. ఆ తేదీకి ముందువి ‘మొబైల్ హోమ్‌’లు. వాటికి ఈ బిళ్ల ఉండదు. రెండు ముక్కలుగా వచ్చిన ఇంటికి రెండు బిళ్లలుండాలి. ఒక్కటే కనిపిస్తే రెండోది ఏమైందని అడగాల్సిందే.

బిళ్ల బయట ఉంటే, జాతకం లోపల ఉంటుంది. వంటింటి అలమర తలుపు వెనకో, కరెంటు మెయిన్ బోర్డు దగ్గరో, పడగ్గది బట్టల అలమరలోనో మామూలు కాగితమంత ‘డేటా ప్లేట్’ అంటించి ఉంటుంది. ఏ ఫ్యాక్టరీ, ఏ తేదీ, క్రమసంఖ్య ఎంత, లోపల ఏయే సామాన్లు బిగించారు, పైకప్పు ఎంత బరువు మోస్తుంది, ఎంత గాలికి నిలుస్తుంది... అన్నీ అందులో ఉంటాయి. దేశపటం కూడా అచ్చువేసి, ఈ ఇల్లు ఏ గాలి మండలానికి పనికొస్తుందో చూపిస్తారు.

ఆ గాలి మండలాల నిబంధన ఇప్పుడున్నంత కఠినంగా మొదట్లో లేదు. 1992 ఆగస్టులో ‘ఆండ్రూ’ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను ఊడ్చేసింది. ఫ్యాక్టరీ ఇళ్లు పేకమేడల్లా లేచిపోయాయి. దాంతో 1994లో రూల్స్ మార్చారు. తీరప్రాంతానికి వెళ్లే ఇల్లు గంటకు 100 మైళ్ల గాలికో, మరీ ప్రమాదకరమైన చోటైతే 110 మైళ్ల గాలికో తగ్గట్టు కట్టాలన్నారు. లోపలి జిల్లాల కోసం కట్టిన ఇంటిని తెచ్చి తీరంలో పెట్టడానికి వీల్లేదు. పెడితే ఆ కాగితమే పట్టిస్తుంది.

ఇంతా చెప్పి, అక్కడ అంతా సవ్యమే అనడం లేదు. ఇంటికి కొత్త తొడుగు వేసేటప్పుడు బిళ్ల పీకి పారేసేవాళ్లున్నారు. పోతే మళ్లీ కొత్త బిళ్ల ఇవ్వరు, రికార్డులు చూసి ఓ ధ్రువీకరణ పత్రం ఇస్తారంతే. బిళ్ల, కాగితం రెండూ పోయిన ఇంటి కింద దూరి, ఇనుప చట్రం ముందు అడ్డకమ్మీ మీద గుద్దిన క్రమసంఖ్యను టార్చిలైటుతో వెతుక్కుంటారు.

మన దగ్గర ముక్కలకే ముద్ర

ఇదంతా విని మాస్టారు ‘‘మరి మనకేది?’’ అన్నారు.

మనకు ఇంటి మొత్తానికి అలాంటి బిళ్ల లేదు. అలాగని ఏమీ లేదనుకోవద్దు. భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర మన దగ్గర ఇంట్లోని ముక్కలకు ఉంటుంది. ఇనుప కమ్మీకి ఐఎస్ 1786. మామూలు సిమెంటుకు ఐఎస్ 269, బూడిద కలిపిన పీపీసీ రకానికి ఐఎస్ 1489. జింకు పూసిన రేకుకు ఐఎస్ 277. ముద్రకు పైన ఈ నంబరు, కింద ‘సీఎం/ఎల్’తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు నంబర్ని ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీది, ఇప్పటికీ చెల్లుతుందా అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది. కొత్త పద్ధతిలో, ఇంకా భారతీయ ప్రమాణం రాని సరుకుతో కట్టే ఇళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ పరీక్షించి పనితీరు సర్టిఫికెట్ ఇస్తుంది. 2021 జనవరి 1న ఆరు నగరాల్లో శంకుస్థాపన చేసిన ‘లైట్ హౌస్’ ఇళ్ల ప్రాజెక్టులు కట్టిందీ ఇలాంటి పద్ధతులతోనే. చెన్నైలో ముందే పోతపోసిన కాంక్రీటు ముక్కలు, అగర్తలలో సన్నని ఉక్కు చట్రాలు, ఇండోర్‌లో శాండ్‌విచ్ ప్యానెళ్లు. కాబట్టి ‘మీ పద్ధతికి బీఎంటీపీసీ సర్టిఫికెట్ ఉందా?’ అని అడగడం మన హక్కు.

అయితే చిక్కంతా ఇక్కడే. కమ్మీకి ముద్ర ఉంది. రేకుకు ముద్ర ఉంది. ఆ కమ్మీకీ రేకుకీ మధ్య ఉన్న స్క్రూకి? స్తంభాన్ని పునాదికి పట్టి ఉంచే బోల్టుకి? ఎండలో కూచుని కుర్రాడు వేసిన వెల్డింగుకి? వాటి బిగింపుకు ఏ ముద్రా ఉండదు. గాలి వెతుక్కునేది మాత్రం సరిగ్గా ఆ జాగాలనే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రేకుల షెడ్ల గతి ఏమైందో ఉద్దానం వాళ్లనడగండి, చెబుతారు. రేకు చిరిగినవాటికన్నా, రేకు చెక్కుచెదరకుండా ఊడిపోయి పక్క తోటలో తేలినవే ఎక్కువగా కథలవుతాయి. ఊడింది అతుకు కాబట్టి!

మాస్టారి దొడ్లో గాలి లెక్క

ఇంజినీరు మిత్రుడు కొటేషన్ వెనక తెల్లకాగితం మీదే లెక్క వేశాడు. భవనాలకు గాలి బరువు లెక్కగట్టే మన ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దాంట్లో విశాఖకు ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. అమెరికా వాళ్ల 110 మైళ్లు అంటే దాదాపు 177 కిలోమీటర్లు. (కొలిచే పద్ధతులు వేరు కాబట్టి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి సమానమనుకోకూడదని మిత్రుడి హెచ్చరిక.)

సెకనుకు 50 మీటర్ల గాలి ఎదురుగా కొడితే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి రమారమి 150 కిలోలు. పది అడుగులు, ఇరవై అడుగుల చిన్న క్యాబిన్ పైకప్పు పద్దెనిమిదిన్నర చదరపు మీటర్లుంటుంది. అంత ఒత్తిడీ కప్పును పైకి లాగిందనుకుంటే దాదాపు 2,800 కిలోలు. అలాంటి తేలికపాటి క్యాబిన్ మొత్తం బరువే ఇంచుమించు అంతుంటుంది. అంటే కింద గట్టిగా పట్టి ఉంచేది లేకపోతే ఇల్లు తన బరువుతో తాను నిలబడుతుందన్న భరోసా లేదు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుందన్నది ఇంకో సంగతి.

మరో మాట. తూర్పు తీరం వెంట 60 కిలోమీటర్ల మేర తుపాను షెల్టర్ల లాంటి కట్టడాలకు ఆ వేగాన్ని 1.30 రెట్లు చేసి లెక్క కట్టమంటుంది ప్రమాణం. మామూలు ఇంటికి పెంచమనదు. కావాలంటే మనమే అడిగి పెంచించుకోవాలి.

‘‘ఈ 50 అన్న అంకె వాళ్ల కాయితంలో ఎక్కడుంది?’’ అని మాస్టారు అద్దాలు సవరించుకుని వెతికారు. నాలుగు పేజీల కొటేషన్‌లో టైల్స్ రంగు ఉంది, ఫ్యాన్ల కంపెనీ ఉంది. గాలివేగం లేదు.

తట్టి, గీకి, వంగి చూడాల్సినవి

కంపెనీ వాళ్లు నమూనా ఇల్లు చూపిస్తామంటారు. వెళ్లాల్సిందే. సోఫాలో కూచుని ఏసీ గాలికి మురిసిపోకుండా ముందు ఇంటి కిందికి వంగి చూడండి. స్తంభం అడుగున ఇనుప పలక ఉంటుంది. దానికి నాలుగు మూలలా బోల్టులుండాలి. ఆ బోల్టులు కాంక్రీటు పోసేటప్పుడే లోపల పాతినవా, తర్వాత రంధ్రం వేసి దిగ్గొట్టినవా అని అడగండి. పాతినవైతే మేలు. పలకకీ కాంక్రీటుకీ మధ్య సందు ఉంటే గట్టి మసాలా కూరి ఉండాలి, ఇటుక ముక్కలు కాదు. మాస్టారి దొడ్డిది ఇసుక నేల. అలాంటిచోట పునాది దిమ్మె లోతు, బరువు రెండూ గాలి లాగుడును బట్టే లెక్కకట్టాలి. ‘ఇల్లు తేలిక కదండీ, పునాది అక్కర్లేదు’ అనే సేల్స్ కుర్రాడి మాట నమ్మితే మునిగినట్టే. ఇల్లు తేలిక కాబట్టే దానికి బరువైన పునాది కావాలి.

తర్వాత పైకి చూడండి. రేకు స్క్రూలు ఉబ్బెత్తు భాగం మీద కొట్టారా, పల్లంలో కొట్టారా? పల్లంలోదైతే నీళ్లు అక్కడే పారతాయి, వాషరు ఎండకు పగిలితే కారుతుంది. అంతకన్నా ముఖ్యం... అంచుల దగ్గర, కొప్పు దగ్గర స్క్రూలు మధ్యలో కన్నా దగ్గరదగ్గరగా ఉండాలి. గాలి పీల్చిలాగే బలం ఆ అంచుల్లోనే ఎక్కువ. అంతటా ఒకే దూరంలో ఉన్నాయంటే లెక్క వేయకుండా కొట్టేశారని అర్థం. చూరు బాగా ముందుకు పొడుచుకొచ్చిందా? ఎండకు బాగుంటుంది, గాలికి మాత్రం అది పట్టుకుని లాగడానికి ఇచ్చిన చెయ్యి.

రేకు మందంలో ఓ మాయ ఉంది. ‘అర మిల్లీమీటరు’ అంటారు. అది రంగూ జింకూ కలిపిన మందమా, లోపలి ఉక్కు ఒక్కదానిదేనా? రెంటికీ తేడా ఉంటుంది. రెండోది రాసివ్వమనండి. పూత సంగతీ అంతే. ‘ఏజెడ్ 150’ అని ఉంటే చదరపు మీటరుకు రెండు పక్కలా కలిపి 150 గ్రాముల అల్యూమినియం జింకు పూత. జీఐ రేకుకైతే 120 అని, 275 అని ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే ఉప్పుగాలికి అంత ఓర్పు. నమూనా ఇల్లు ఏడాది పాతదైతే మరీ మంచిది. కోసిన అంచుల్ని, వెల్డింగు చుట్టుపక్కల్ని గోటితో గీకి చూడండి. కోసినచోట పూత ఉండదు, వెల్డింగు వేడికి చుట్టూ ఉన్న పూత కాలిపోతుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. దానిమీద వెండిరంగు పెయింటు కొట్టేసి కప్పేస్తారు.

ఇక గోడ తట్టి చూడండి. పఫ్ ప్యానెల్ అయితే లోపల గట్టి నురగ. సాధారణంగా ఘనపు మీటరుకు 40 కిలోల సాంద్రత అని కొటేషన్లలో రాస్తారు. కొన్ని చవక రకాల్లో ఉండేది థర్మోకోల్. రెండూ అంటుకుంటే పొగతోనే ప్రాణం తీస్తాయి. వంటింటి గోడ ఒక్కటైనా రాక్‌ఊల్ నింపిన ప్యానెల్‌తోనో, ఇటుకతోనో కట్టించుకోమని మిత్రుడి సలహా. మాస్టారి ఇంటావిడ అంతవరకూ తలుపు చాటునే విన్నారు. ఇక ఆగలేక ‘‘పొయ్యికాడ థర్మోకోలేటి? వినాయకుడి మండపమా?’’ అన్నారు.

కంటైనర్ తలుపు మీద జాతకం

మాస్టారి చిన్నకొడుకు ఇంకో బేరం చెప్పాడట. పాత షిప్పింగ్ కంటైనర్‌నే ఇల్లుగా మార్చి ఇస్తారని. విశాఖలో కంటైనర్ టెర్మినల్ ఉంది కాబట్టి మన వైపు ఈ మాట వినిపించడం వింతేమీ కాదు.

తమాషా ఏమిటంటే, ఎర్రబిళ్లకు దీటైన బిళ్ల మనకు దొరికేది ఈ పాత ఇనుప పెట్టెకే! తలుపు మీద రివెట్లు కొట్టిన లోహపు పలక ఉంటుంది. 1972లో కుదిరిన అంతర్జాతీయ కంటైనర్ భద్రతా ఒప్పందం ప్రకారం దాన్ని పెట్టాలి. ఏ నెలలో, ఏ ఏడు తయారైంది, మొత్తం ఎంత బరువు మోస్తుంది, మీద ఎంత బరువు పేర్చవచ్చు... చదువుకోవచ్చు. పక్కనే చెక్క నేలకు ఏ మందు పట్టించారో కూడా రాసి ఉంటుంది. పురుగు పట్టకుండా ఆ నేలకు కీటకనాశనులు పట్టిస్తారు మరి. పిల్లలు పాకే ఇల్లు చేసుకునేటప్పుడు ఆ చెక్క పీకించడమో, మీద గట్టి పొర వేయించడమో చేయాలి. తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలతో ఉండే నంబరు కూడా చూడండి. పలక పీకేసి, కొత్తగా రంగేసి ‘అయిదేళ్ల నాటిదే’ అంటే... తలుపు మూసి, లోపల చీకట్లో నిలబడి పైకి చూడండి. చిల్లులుంటే చుక్కల్లా మెరుస్తాయి.

అయితే ఆ పలక చెప్పే బలం పెట్టె పెట్టెగా ఉన్నంతవరకే. కిటికీ కోసం మడతల గోడను కోసేస్తే ఆ మేరకు బలం పోతుంది. కోసినచోట చుట్టూ ఇనుప చట్రం బిగించాలి. కోసిన తర్వాత ఆ పలక వట్టి పుట్టినతేదీ సర్టిఫికెట్టే.

తిరిగొస్తుంటే మిత్రుడు కళింగపట్నం దారిలో బండి ఆపి ఓ చుట్టిల్లు చూపించాడు. గుండ్రని మట్టిగోడ. మనిషి వంగితే తప్ప దూరలేనంత కిందికి దిగిన తాటాకు కప్పు. మూలల్లేవు కాబట్టి గాలికి కొట్టే చోటు లేదు, చూరు నేలబారున ఉంది కాబట్టి కిందినుంచి లేపే సందు లేదు. ఏ ముద్రా లేని ఈ ఇళ్లు ఎన్ని తుపాన్లు చూశాయో! కాకపోతే తాటాకు నేయడం వచ్చినవాళ్లూ తగ్గిపోయారు, తాటాకు మార్పించే ఓపికా తగ్గిపోయింది. మాస్టారి ఇంటావిడ పుట్టిల్లు అలాంటిదేనట. ‘‘పొగకి కళ్లు పోయేవి. ఇప్పుడు నాకొద్దు’’ అని ఆమె ముందే తేల్చేశారు.

చివరి పేజీ చిన్నక్షరాలు

ఆ సాయంత్రం మాస్టారు కొటేషన్ చివరి పేజీని భూతద్దం పెట్టి చదివారు. ఇరవై ఏళ్ల గ్యారంటీ కింద చిన్నక్షరాల్లో ఓ షరతుంది. సముద్రతీర ప్రాంతాల్లో తుప్పుకు గ్యారంటీ వర్తించదని! శ్రీకూర్మంలో ఏ మూల నిలబడినా గాలికి ఉప్పు వాసన వేస్తుంది.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేశారు. మాస్టారు కదా, ప్రశ్నపత్రంలాగే అడిగారు. మీ ఇల్లు సెకనుకు ఎన్ని మీటర్ల గాలికి లెక్కగట్టారు? ఆ లెక్క మీద సంతకం పెట్టిన ఇంజినీరెవరు? పునాది బోల్టు డ్రాయింగు పంపగలరా? రేకు ఏ పూత, ఏ లైసెన్సు నంబరు? తీరానికి గ్యారంటీ లేకపోతే ధర తగ్గిస్తారా, పూత పెంచుతారా? పూర్తయ్యాక ఇవన్నీ ఒక ఇనుప పలక మీద చెక్కించి, తేదీ వేసి, గుమ్మం పక్కన బిగిస్తారా?

ఆఖరి ప్రశ్నకు అవతలివైపు కుర్రాడు నవ్వాడట. ‘‘పలకదేముంది మాస్టారూ, అది మేం ఫ్రీగా చేసిస్తాం. మిగతావి మా సార్‌ని అడిగి చెబుతా’’ అన్నాడట.

ఇది రాసేనాటికి పది రోజులైంది. డ్రాయింగు రాలేదు. మాస్టారు అడ్వాన్సు పంపలేదు. పెంకుటింట్లో వాన కారేచోట మాత్రం కొత్తగా పాతిక పెంకులు మార్పించారు.